కోకో చెట్టు, సిపాయి పింఛను, బట్ట ధర: గోల్డ్‌కోస్ట్ బ్రిటిష్ వాళ్ల మీద ఎందుకు తిరగబడింది?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "గ్రూప్స్‌కు చదువుతున్నాను. ఆసియా, ఆఫ్రికాల్లో యూరోపియన్ పాలన మీద ఉద్యమాలు ఎందుకు వచ్చాయంటే ఏ పుస్తకం తీసినా అవే నాలుగు పాయింట్లు. ఆర్థిక దోపిడీ, జాతి వివక్ష, ఇంగ్లిష్ చదువు, రెండో ప్రపంచ యుద్ధం. దోపిడీ, వివక్ష మొదటి రోజు నుంచీ ఉన్నవే కదా సార్, మరి అన్ని దేశాలూ ఇంచుమించు ఆ పదిహేను ఇరవై ఏళ్లలోనే ఎందుకు లేచాయి? యుద్ధంలో యూరప్ చితికిపోవడమే అసలు కారణమా?"

డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఆ నాలుగు పాయింట్లు నేనూ బోర్డు మీద రాశాను, పిల్లలు నోట్సులో ఎక్కించుకున్నారు, మార్కులూ తెచ్చుకున్నారు. కానీ సర్వీసులో సగం అయ్యాక నాకూ మీ అనుమానమే వచ్చింది. నాలుగు కారణాలూ నిజమే. పప్పు, చింతపండు, ఉప్పు, కారం బల్ల మీద వరసగా పెట్టినంత మాత్రాన పులుసు అయిపోదు కదా, పొయ్యి ఎవరు వెలిగించారో కూడా చెప్పాలి. అన్ని దేశాలనూ ఒకే గాటన కట్టి చెబితే మళ్లీ ఆ నాలుగు పాయింట్ల దగ్గరికే వస్తాం. అందుకని ఒక్క దేశం తీసుకుంటాను. అప్పటి గోల్డ్‌కోస్ట్, ఇప్పటి ఘనా. సహారాకు దిగువన ఉన్న వలసల్లో బ్రిటిష్ జెండా ముందుగా దిగింది అక్కడే.

ఈ దేశాన్నే ఎందుకు తీసుకున్నానంటే, దోపిడీ ఎక్కువైతే తిరుగుబాటు వస్తుందన్న లెక్క ఇక్కడ తప్పుతుంది. బ్రిటిష్ వాళ్లు గోల్డ్‌కోస్ట్‌ను ఆదర్శ వలస అని చెప్పుకునేవాళ్లు. ఆఫ్రికా లెక్కన డబ్బున్న దేశం. అచిమోటా లాంటి పెద్ద కాలేజీ, కోర్లె బూ ఆసుపత్రి, టకోరాడి రేవు, అన్నీ 1920లలోనే వచ్చాయి. కెన్యాలో లాగా తెల్లవాళ్లు వచ్చి మంచి భూములు ఆక్రమించుకోలేదు. 1897లో భూముల మీద ప్రభుత్వ అజమాయిషీ పెట్టే బిల్లు ఒకటి తెచ్చారు. కేప్‌కోస్ట్ పట్నం లాయర్లు, ఊరి రాజులు కలిసి ఒక సంఘం పెట్టుకుని, లండన్ దాకా మనుషుల్ని పంపి, ఆ బిల్లు వెనక్కి తీసుకునేలా చేశారు. దాంతో భూమి సొంత మనుషుల చేతిలోనే ఉండిపోయింది. అంత నెమ్మదైన చోట 1948లో రాజధాని తగలబడింది.

దేశమంతా కోకో మీద బతికింది కాబట్టి కథ అక్కడి నుంచే మొదలుపెట్టాలి. మనవాళ్లకు కోకో కొత్తేమీ కాదు. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి తోటల్లో, పామాయిల్ తోటల్లో అంతర పంటగా వేస్తున్నారు. కాయ కొమ్మ చివర కాకుండా మొద్దుకే అంటుకుని కాస్తుంది. పగలగొడితే తెల్లటి గుజ్జులో గింజలు ఉంటాయి. వాటిని కుప్పపోసి ఐదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి అమ్ముతారు. గోల్డ్‌కోస్ట్ రైతు అరటి ఆకులు కప్పి సరిగ్గా ఇదే పని చేసేవాడు. టెట్టె క్వార్షీ అనే ఆయన 1879లో ఫెర్నాండో పో దీవి నుంచి ఆ గింజలు తెచ్చాడని చెప్పుకుంటారు. తెల్లవాళ్ల ఎస్టేట్లు లేకుండానే చిన్నా పెద్దా ఆఫ్రికన్ రైతులు అడవి కొట్టి తోటలు వేసి, 1911కల్లా ఆ దేశాన్ని ప్రపంచంలోకెల్లా ఎక్కువ కోకో పండించే దేశంగా చేశారు.

కానీ కొనేది యూరోపియన్ కంపెనీలు. 1937లో ఆ కంపెనీలు పోటీ మానుకుని, ఎవరెంత కొనాలో, ఎంతకు కొనాలో లోపల్లోపల ఒప్పందం చేసుకున్నాయి. సంగతి బయటపడింది. రైతులు గింజ అమ్మడం మానేశారు. అమ్మకపోవడమే కాదు, కంపెనీల దుకాణాల్లో సరుకు కొనడం కూడా ఆపేశారు. 1938 ఏప్రిల్ దాకా కోకో బస్తాలు కదల్లేదు. చివరికి లండన్ నుంచి విచారణ కమిషన్ వచ్చి, రాజీ చేసి వెళ్లింది. (2025 మొదట్లో మన కోకో రైతులు కంపెనీలు ధర కోస్తున్నాయని రోడ్డెక్కినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఈ 1937 గొడవే.)

ఇక్కడ ఒక విషయం పట్టుకోండి, నా జవాబు అంతా దీని మీదే నిలబడి ఉంది. 1937లో రైతు కోపం కంపెనీ మీద. ప్రభుత్వం ఎటూ కాకుండా మధ్యవర్తి వేషంలో నిలబడింది. లాయర్ల కోపం శాసన మండలిలో సీట్ల మీద. గుమస్తాల కోపం జీతాల తేడా మీద. ఎవరి గుమ్మం ముందు వాళ్లు కొట్లాడుకుంటున్నారు. ఇలా ఉన్నంత కాలం వలస పాలనకు వచ్చే ముప్పేమీ లేదు.

యుద్ధం వచ్చి ఆ గుమ్మాలన్నిటినీ ఒకటి చేసింది. ఓడల కొరత, శత్రువుల చేతికి సరుకు వెళ్లకూడదన్న కారణం చెప్పి కోకో కొనుగోలు ప్రభుత్వమే తీసుకుంది. ధర ప్రభుత్వమే చెప్పింది. యుద్ధం అయిపోయాక కూడా వదలకుండా 1947లో మార్కెటింగ్ బోర్డు పెట్టింది. ప్రపంచ మార్కెట్లో కోకో ధర పైపైకి పోతుంటే రైతుకు ఇచ్చేది అందులో కొంతే. మిగతాది "మీ మంచికే, ధర పడిపోయిన ఏడాది పనికొస్తుంది" అని లండన్‌లో జమ చేసింది. అమెరికా వాడు కోకోకు డాలర్లు ఇస్తాడు, ఆ డాలర్లు అప్పుల్లో మునిగిన బ్రిటన్‌కు ఊపిరి. అంటే రైతు పొదుపు బలవంతంగా దొర ఇంట్లో దాచినట్టయింది. బట్ట, కిరోసిన్, పిండి లాంటి దిగుమతి సరుకుకు లైసెన్సులు, కంట్రోళ్లు కూడా సర్కారువే. వరికి లెవీ, చక్కెరకు కార్డు అని మన తాతల తరం చెప్పుకున్న కంట్రోలు రోజులు ఉన్నాయే, అలాంటివే. అంతకుముందు పన్ను కట్టించుకుని దూరంగా ఉండే ప్రభుత్వం ఇప్పుడు కొనేవాడు, ధర కట్టేవాడు, కోటా ఇచ్చేవాడు అన్నీ తానే అయింది. తిట్టాల్సిన చిరునామా ఒక్కటే మిగిలింది.

దానికి తోడు తెగులు. 1936లో కోకోకు ఒక కొత్త జబ్బు కనిపెట్టారు. చిగుళ్లు, కొమ్మలు ఉబ్బిపోయి చెట్టు నాలుగేళ్లలో చస్తుంది. అది వైరస్, పిండినల్లి అనే పురుగు దాన్ని మోసుకొస్తుంది. మందు లేదు. పట్టిన చెట్టును, దాని పక్క చెట్లను నరికేయడం ఒక్కటే దారి అన్నారు సైంటిస్టులు. సైన్సుగా చూస్తే వాళ్లు చెప్పింది తప్పేమీ కాదు. యుద్ధం తర్వాత నరకడం తప్పనిసరి చేసి, మనుషులను పంపించారు.

రైతు వైపు నుంచి చూడండి. ఇరవై ఏళ్లుగా పెంచిన చెట్టు. తెగులు పట్టిందంటున్నారు గానీ కాయలు కనిపిస్తూనే ఉన్నాయి, ఇంకో రెండు మూడు కాపులు ఇస్తుంది. ధర బాగున్న ఏడాది. ఖాకీ నిక్కరు వేసుకున్న సర్కారు మనిషి కత్తితో వచ్చి, అడగకుండానే మొదలంటా నరికి పోతాడు. పక్కనున్న చెట్టుకు ఏ జబ్బూ కనపడదు, దాన్నీ నరుకుతాడు. కొత్త మొక్క కాపుకు రావడానికి ఐదారేళ్లు. ఇచ్చే పరిహారం ఏ మూలకూ రాదు. తోట తాకట్టు పెట్టి అప్పు తెచ్చినవాడి సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. మన కోకోను నాశనం చేసి ఇంకెక్కడో తోటలు వేసుకుంటారట అనే పుకారు ఊరూరా తిరిగింది. అబద్ధమే. కానీ 1937లో ఒకసారి మోసపోయినవాడు ఆ అబద్ధాన్ని ఎందుకు నమ్మడు? నరకడం అవసరమా కాదా అన్నది చెట్ల జబ్బుల ప్రశ్న. నరకమని చెప్పే హక్కు నీకెవరిచ్చారు అన్నది రాజకీయ ప్రశ్న. ఆ రెండో ప్రశ్న రైతు నోట పుట్టింది, లాయర్లు తర్వాత అందుకున్నారు.

ఇక సిపాయిలు. గోల్డ్‌కోస్ట్ నుంచి 60,000 మందికి పైగా ఆ యుద్ధంలో పనిచేశారు. ముందు తూర్పు ఆఫ్రికాలో ఇటలీ వాళ్ల మీద, తర్వాత బర్మాలో జపాన్ వాళ్ల మీద. పశ్చిమ ఆఫ్రికా డివిజన్లు బర్మాకు వెళ్లింది ఇండియా మీదుగానే. వాళ్లు ఇక్కడ ఏం చూశారో ఊహించడం కష్టం కాదు. క్విట్ ఇండియా మొదలై ఏడాది తిరిగిన దేశం. ఆ బర్మా మనవాళ్లకూ పరాయిది కాదు. రంగూన్ రేవులో, రైసు మిల్లుల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్లు ఎంతమంది అంటే, కోరంగి రేవు పేరు మీద బర్మా వాళ్లు మనల్ని కోరంగీలనే పిలిచేవాళ్లు. 1942లో జపాన్ సైన్యం వస్తుంటే తెల్లదొరలు ముందు తమ దారి తాము చూసుకున్నారు. మనవాళ్లు అడవుల్లో నడిచి, దారిలో పిట్టల్లా రాలి, మిగిలినవాళ్లు ఇళ్లకు చేరారు. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. దొర కాపాడతాడు అన్న నమ్మకం పోవడానికి పుస్తకం చదవాల్సిన పని లేదు. దొర పరిగెత్తడం ఒక్కసారి చూస్తే చాలు.

ఆఫ్రికన్ సిపాయి తిరిగి వెళ్లేసరికి ఊళ్లో పని లేదు. సైన్యంలో చాలామంది డ్రైవింగ్ నేర్చుకున్నారు, అంతమందికి లారీలు లేవు. ఇచ్చిన డబ్బు పెరిగిన ధరల్లో కరిగిపోయింది. పింఛను, పని విషయంలో మాట ఇచ్చారు, నిలబెట్టుకోలేదు అన్నదే వాళ్ల ఫిర్యాదు. చూడండి, ఈ మనిషి పాలన మీద ద్వేషంతో పెరిగినవాడు కాదు, ఆ యూనిఫాం వేసుకుని ప్రాణం ఒడ్డినవాడు. నా అనుభవంలో ఇలా లోపల ఉండి నమ్మి చెడినవాడి కోపమే ఏ పాలననైనా కదిలిస్తుంది, బయట నుంచి మొదటి రోజే తిట్టినవాడిది కాదు.

మూడోది బట్ట. దిగుమతి సరుకంతా కొన్ని పెద్ద కంపెనీల చేతిలో ఉంది. కావలసిన గుడ్డ కొనాలంటే అక్కర్లేని ఇంకో వస్తువు కూడా అంటగట్టేవాళ్లు. ఆ వర్తకుల సంఘం పేరు ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో "అవామ్". ఘనాలో ఈనాటికీ "అవామ్" అంటే మోసం, నకిలీ అని అర్థం. రాజధాని అక్రాలో ఒక పేటకు పెద్దయిన నీ క్వాబెనా బోనె అనే ఆయన ఊరూరా తిరిగి అందరినీ కూడగట్టి, ధరలు తగ్గించేదాకా ఆ దుకాణాల్లో కొనొద్దని 1948 జనవరి చివర్లో బహిష్కరణ మొదలుపెట్టించాడు. నెల రోజులు గట్టిగా సాగింది. కంపెనీలు దిగొచ్చి లాభం వాటా 75 శాతం నుంచి 50కి తగ్గిస్తామన్నాయి. ఫిబ్రవరి 28, శనివారం నుంచి మళ్లీ కొనుక్కోవచ్చని చాటించారు.

సరిగ్గా అదే శనివారం మాజీ సిపాయిలు గవర్నరుకు అర్జీ ఇవ్వడానికి ఊరేగింపుగా బయల్దేరారు. సుమారు 2,000 మంది. చేతిలో ఆయుధాలు లేవు. అనుమతి ఇచ్చిన దారి వదిలి, గవర్నరు ఉండే క్రిస్టియన్స్‌బోర్గ్ కోట వైపు తిరిగారు. ఒకప్పుడు డెన్మార్క్ వాళ్లు కట్టి, బానిసలను ఓడలెక్కించిన కోట అది. నాలుగు రోడ్ల కూడలి దగ్గర కొలిన్ ఇమ్రే అనే పోలీసు అధికారి కొద్దిమంది కానిస్టేబుళ్లతో అడ్డం నిలబడ్డాడు. ఆగమన్నాడు, ఆగలేదు. కాల్చమన్నాడు. కానిస్టేబుళ్లు తటపటాయించారు. ఇమ్రే ఒక కానిస్టేబుల్ చేతిలోంచి రైఫిల్ లాక్కుని తనే కాల్చాడు. సార్జెంట్ అడ్జెటే, కార్పొరల్ అట్టిపో, ప్రైవేట్ ఒడార్టే లాంప్టే అక్కడే పడిపోయారు.

ఆ పూటే ఊళ్లో జనం దుకాణాలకు వెళ్లారు. లాభంలో కోత అన్న మాట చాలామందికి ధర సగం అయిందని అర్థమైంది. వెళ్లి చూస్తే ధర ఇంచుమించు అలాగే ఉంది. అంతలో కోట దగ్గర కాల్పులన్న కబురు బజారుకు చేరింది. బట్ట కోపం, సిపాయి కోపం ఒకే వీధిలో ఎదురుపడ్డాయి. కంపెనీల దుకాణాలు తగలబడ్డాయి, జైలు తలుపులు విరిగాయి, గొడవ కుమాసి లాంటి ఊళ్లకూ పాకింది. మొత్తం 29 మంది చనిపోయారు, 200 మందికి పైగా గాయపడ్డారు. ప్రభుత్వం వెంటనే కమ్యూనిస్టుల కుట్ర అంది. ఆ తర్వాత వచ్చిన వాట్సన్ కమిషన్ తన నివేదికలో సిపాయిల కష్టాలు, ధరలు, చెట్ల నరికివేత, చదువుకున్నవాళ్లకు అందని అధికారం, అన్నీ రాసింది. 1946లో ఇచ్చిన రాజ్యాంగం పుట్టుకతోనే పాతబడిందని కూడా అంది. ప్రభుత్వం వేసిన కమిషనే!

ఇప్పుడు మీ మూడో పాయింటు, ఇంగ్లిష్ చదువు. చదువుకున్నవాళ్లు ఉద్యమం పుట్టించారని పుస్తకాలు రాస్తాయి. గోల్డ్‌కోస్ట్ లాయర్లు 1947 ఆగస్టులో పార్టీ పెట్టారు. జె.బి. డాంక్వా అందులో పెద్ద తల. "వీలైనంత త్వరగా" స్వపరిపాలన కావాలన్నారు. ఇంగ్లండ్ నుంచి క్వామే ఎన్‌క్రుమాను పిలిపించి సెక్రటరీని చేసుకున్నారు. ఫిబ్రవరి అల్లర్లు వాళ్లు చేయించినవి కావు. అల్లర్లయ్యాక ఆరుగురు నాయకులను ప్రభుత్వమే అరెస్టు చేసి హీరోలను చేసింది. నన్నడిగితే, ఉద్యమానికి ఎక్కువ మేలు చేసిన చదువు ఆ లాయర్లది కాదు. మన లెక్కన ఏడెనిమిది తరగతులు చదివి, పొలానికి తిరిగి వెళ్లడం నామోషీ అనుకుని, పట్నంలో ఉద్యోగం దొరక్క, ఎవరి వరండాలోనో పడుకునే కుర్రాళ్లది. పెద్దమనుషులు వాళ్లను "వరండా కుర్రాళ్లు" అని వెక్కిరించేవాళ్లు. ఎన్‌క్రుమా ఆ వెక్కిరింతనే జెండా చేసుకున్నాడు. 1949 జూన్‌లో వేరే పార్టీ పెట్టి "ఇప్పుడే స్వరాజ్యం" అన్నాడు. ఆ కుర్రాళ్లు పేపరు చదివి వినిపించారు, సంతలో బట్టలమ్మే ఆడవాళ్లు డబ్బిచ్చారు.

1950 జనవరిలో గాంధీ గారి దారిలోనే సమ్మె, సహాయ నిరాకరణ చేసి ఎన్‌క్రుమా జైలుకు పోయాడు. 1951 ఫిబ్రవరి ఎన్నికల్లో జైల్లో ఉండే అక్రాలో గెలిచాడు. 23,122 ఓట్లలో ఆయనకు 22,780. గవర్నరు విడుదల చేసి ప్రభుత్వం నడపమన్నాడు. జైలుకెళ్లి వచ్చిన కార్యకర్తలు టోపీల మీద "పీజీ" అని కుట్టించుకుని తిరిగేవాళ్లట. పోస్ట్ గ్రాడ్యుయేట్ అనుకునేరు, ప్రిజన్ గ్రాడ్యుయేట్!

యుద్ధంలో యూరప్ చితికిపోవడమే కారణమా అన్నారు. అది దొర ఎందుకు వదిలాడో కొంత చెబుతుంది. జనం ఎందుకు అడిగారో చెప్పదు. వదలడానికి కూడా అది పూర్తి కారణం కాదు. పోర్చుగల్‌ను చూడండి, యూరప్‌లో అంతకంటే బీద సామ్రాజ్యం ఉందా? అది ఆఫ్రికాను 1974 దాకా వదల్లేదు. దాని వలస అంగోలాలో 1961 తిరుగుబాటుకు ముందు కూడా బలవంతపు పత్తి సాగు మీద రైతుల గొడవ ఉంది. అక్కడ తెల్లవాళ్లు స్థిరపడ్డారు, సొంత దేశంలోనే నియంతృత్వం. అడిగినవాళ్లకు తుపాకీయే జవాబయింది. అల్జీరియా, కెన్యాల్లోనూ భూమి మీద కూర్చున్న తెల్లవాళ్లే రక్తపాతానికి కారణం. 1897లో గోల్డ్‌కోస్ట్ లాయర్లు కాపాడుకున్న భూమి 1957లో ప్రాణాలు కాపాడిందని నేను క్లాసులో చెప్పేవాడిని.

మన వైపు నుంచి ఒక్క ఉదాహరణ. మన్యంలో 1882 అటవీ చట్టం పోడును బిగించింది, ముఠాదారుల పెత్తనం పోయింది, రోడ్డు పనికి కూలి ఎగ్గొట్టారు. బాధకు లోటు లేదు, ధైర్యానికి అంతకంటే లోటు లేదు. 1922 ఆగస్టులో చింతపల్లి స్టేషన్ మీద దాడితో మొదలై దాదాపు రెండేళ్లు నిలబడ్డారు. కానీ పల్లపు ప్రాంతంలో రైతుకు పోడు సమస్య కాదు, పట్నంలో ప్లీడరుకు కూలి సమస్య కాదు. కోపాలు ఎవరి కొండ మీద వాళ్లవే. 1924 మేలో శ్రీరామరాజును చంపాక ఉద్యమాన్ని అణచడం బ్రిటిష్ వాళ్లకు సాధ్యమైంది. అక్రాలో ముగ్గురు చనిపోతే ఊరంతా లేచింది. తేడా మనుషుల తెగువలో లేదు, ఎంతమంది కోపం ఒకే గుమ్మం ముందు నిలబడింది అన్నదాంట్లో ఉంది.

పరీక్షలో రాసేటప్పుడు ఆ నాలుగు పాయింట్లు వదిలేయమనను, వేల్యుయేషన్ చేసేవాళ్లు వాటి కోసమే చూస్తారు. కాకపోతే ప్రతి పాయింటు కింద ఎవరికి, ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా అని ఒక్క వాక్యం రాయండి.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి, ఇంటర్వ్యూలో పనికొస్తుంది. ఎన్‌క్రుమా అధికారంలోకి వచ్చాక ఆ కోకో బోర్డును రద్దు చేయలేదు. 1954లో ప్రపంచ ధర ఎన్నడూ లేనంత ఎత్తున ఉంటే, రైతుకు మాత్రం 60 పౌన్ల మోతకు 72 షిల్లింగులని, నాలుగేళ్లదాకా అదేనని చట్టం చేయించాడు. మిగతాది దేశాభివృద్ధికి అన్నాడు. ఆ ఏడాది సెప్టెంబరులో కుమాసిలో అసాంతే తెగ రైతులు, పెద్దలు కలిసి ఆయన మీదే ఇంకో ఉద్యమం లేపారు. ఇళ్ల మీద బాంబులు పడేదాకా వెళ్లింది. ఆ గొడవ వల్లే మరో ఎన్నిక పెట్టాలని లండన్ పట్టుబట్టింది. 1956లో ఆయన పార్టీ మళ్లీ మూడింట రెండొంతులకు పైగా సీట్లు గెలిచాకే తేదీ ఇచ్చారు, 1957 మార్చి 6.